ఒరాయన్ నెబ్యులాని పాతకాలం పద్ధతిలో గీయడం ఎలా?

1880 సెప్టెంబర్ 30న అమెరికా ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ ఈ నెబ్యులాకి, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘానికి, మొదటి ఫొటో తీశాడు. అందుకు 51 నిమిషాల ఎక్స్‌పోజర్ కావాల్సొచ్చింది. అంతకుముందు పెన్సిలే దిక్కు. ఆ పనిలో ఫ్రాన్స్‌లో పుట్టిన చిత్రకారుడు ఎతియెన్ త్రూవెలోది అందెవేసిన చేయి. గీసినవి దాదాపు 7,000 బొమ్మలు. (హార్వర్డ్ అబ్జర్వేటరీకి రాకముందు ఇంట్లో జిప్సీ మాత్ పురుగుల్ని పెంచేవాడు. అవి తప్పించుకుపోయాయి. అమెరికా అడవుల్ని ఇప్పటికీ తింటూనే ఉన్నాయి!)

జనవరి రాత్రుల్లో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి కదా, మా ఇంట్లో గొల్లకావడి అనేవాళ్లు. వాటి కిందే మసకగా ఉండేది ఇది. చిన్న టెలిస్కోప్ చాలు. ఫోన్ లోపల పడేసి, అరగంట చీకట్లో కూర్చోండి. కాగితం చూడ్డానికి టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టండి.

తెల్ల కాగితం మీద 10 సెంటీమీటర్ల వృత్తం గీయండి. అదే మీ ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) కనిపించే వలయం. టెలిస్కోప్‌ని కదపకుండా వదిలేస్తే చుక్కలు జరిగిపోయే వైపు పడమర, అక్కడ 'ప' అని రాసుకోండి.

ఇక ముందు చుక్కలు, తర్వాతే పొగలాంటి నెబ్యులా. త్రూవెలో ఐపీస్‌లో గళ్లు గీసిన గాజు పెట్టి, కాగితం మీదా అవే గళ్లు వేసుకునేవాడు. మనకి గాజు లేదు కాబట్టి నడిమధ్య ట్రెపీజియం అనే నాలుగు చుక్కల గుంపుని కొలబద్ద చేసుకుందాం. పక్క చుక్క దానికి ఎన్ని వెడల్పుల దూరంలో ఉందో చూసి పెట్టండి. ఇక్కడ తొందరపడితే బొమ్మంతా వంకర పోతుంది.

తర్వాత 2బి పెన్సిల్ పొడిని దూదితో అద్దండి. కాగితం మీద నలుపంటే ఆకాశంలో వెలుగు. సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే మసక అంచులు బయటపడతాయి. ట్రెపీజియం వైపు చొచ్చుకొచ్చిన చీకటి పాయని రబ్బరు మొనతో తీయండి. నేను మొదటిసారి నెబ్యులాకి రెక్కల్లా చాచుకున్న రెండు పక్కలూ గీసేశాను. చూసింది ఒకటే, రెండోది ఫొటోల్లోంచి వచ్చింది!

తేదీ, టైము, ఐపీస్ నంబరు అక్కడికక్కడే రాయండి. మర్నాడు రాత్రి పాత బొమ్మ చూడకుండా ఇంకోటి గీయండి. త్రూవెలో ఒరాయన్ బొమ్మ కూడా ఒక్క రాత్రిలో అయింది కాదు, 1875–76లో చూసినవన్నీ కలిపింది. మీ రెండింట్లోనూ ఉన్నదాన్నే నల్ల కాగితం మీద తెల్ల పాస్టెల్‌తో ఫెయిర్ చేయండి.