పూలదారంతో ఆర్కిటిక్ దూరం కొలవడం

తిరుపతి బైరాగిపట్టెడలో మా వరండాలో సాయంత్రాలు పిల్లలకు సోషల్ చెబుతాను. మొన్న ఎనిమిదో తరగతి పాప అట్లాసు తెచ్చి, రెండు వేళ్లు రెండు ఊళ్ల మీద పెట్టింది. ఒకటి నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బ్యెన్. రెండోది అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్, 2016 దాకా దాని పేరు బారో. "విమానంలో ఎంతసేపు టీచర్?" అంది.

ముందు అట్లాసు మూసేయండి. అందులోని ప్రపంచ పటంలో లాంగ్‌యియర్‌బ్యెన్ పైన నడిమికి దగ్గర, ఉట్కియాగ్విక్ ఎడమ అంచు దగ్గర ఉంటాయి. స్కేలు పెట్టి గీసిన గీత వెంటే పోతే దాదాపు ఐదు వేల కిలోమీటర్లు తిరగాలి. తిరుపతి దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 108 కిలోమీటర్లు, లాంగ్‌యియర్‌బ్యెన్ దగ్గర 23 కూడా ఉండదు. పైకి పోయేకొద్దీ రేఖలన్నీ దగ్గరికొచ్చేస్తాయి, అట్లాసు మాత్రం వాటిని సాగదీసి చూపిస్తుంది.

గ్లోబు తీసుకోండి, పూలు కట్టే దారం చాలు. మొదట భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలవండి. మా గ్లోబుకు 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరుకు 426. ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య దారం బిగించండి. ఉత్తర ధ్రువం దగ్గర ఇరుసు బిళ్ల అడ్డొస్తుంది, దారాన్ని దాని మీదుగానే పోనివ్వండి. నిజం దారి కూడా ధ్రువానికి వంద కిలోమీటర్ల చిల్లర దూరంలోనే పోతుంది. మాకు ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది, అంటే సుమారు 3,400.

లెక్కతో సరిచూసుకోండి. ఊళ్లు ధ్రువానికి ఇంచుమించు అటూ ఇటూ ఉన్నాయి కనుక ఇది సులువు. 90 లోంచి అక్షాంశాలు తీసేయాలి: 78.25 తీస్తే 11.75, 71.29 తీస్తే 18.71. కలిపితే 30.46 డిగ్రీలు. డిగ్రీకి 111 చొప్పున 3,381 కిలోమీటర్లు. దారానికీ లెక్కకూ ఇరవై కిలోమీటర్లే తేడా! పాప చప్పట్లు కొట్టింది, నాకూ అంతే సంతోషమేసింది. ఎదురెదురుగా లేని ఊళ్లకు ఈ కూడిక పనికిరాదు, దారమే వాడండి.

ఇక సమయం. జెట్ వేగం గంటకు 800 అనుకుంటే నాలుగుంపావు గంటలు. అక్కడితో ఆపకండి. రేణిగుంట నుంచి హైదరాబాదుకు గాల్లో 420 కిలోమీటర్లలోపే, లెక్కకు అరగంట. టికెట్ మీద మాత్రం గంట దాటుతుంది. రన్‌వే మీద నడక, పైకెక్కడం, దిగడం ఉంటాయి కదా. అందుకే అరగంట కలిపి నాలుగూముక్కాలు అని రాసుకోండి.

గడియారం మరిచిపోవద్దు. ఏడాదిలో కొన్ని వారాలు తప్ప రెండు ఊళ్లకూ పది గంటల తేడా. లాంగ్‌యియర్‌బ్యెన్‌లో ఉదయం పదికి ఎక్కితే, ఉట్కియాగ్విక్‌లో దిగేసరికి అదే రోజు తెల్లవారుజామున 4:45.

ఇదంతా నేరుగా ఎగిరితే. ఈ రెండిటి మధ్య నేరుగా విమాన సర్వీసు లేదు. లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి ట్రోమ్‌సోకో ఓస్లోకో దిగి, అట్లాంటిక్ దాటి, యాంకరేజ్ చేరి, మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి. ఆ ముక్కలన్నిటికీ పాప ఇప్పుడు విడివిడిగా దారం కొలుస్తోంది.