డాన్స్ ఫ్లైలను చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి

జూన్ వస్తే సాయంత్రాలు నేను కెనడాలోని బ్రాంప్టన్ నుంచి కారేసుకుని గ్లెన్ విలియమ్స్ వైపు పోతుంటాను. అక్కడ క్రెడిట్ నది ఒడ్డున చెట్ల కింద డాన్స్ ఫ్లైలు అనే ఈగలు జత కోసం గుంపు కడతాయి. పుస్తకాల్లో వీటి పేరు రాంఫోమియా లాంగికౌడా.

పొద్దుగూకే వేళకి, అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదికి కాస్త ముందే చేరుకోండి. తెల్లవారకముందు కూడా ఆడతాయి గానీ అప్పుడు లేచే ఓపిక నాకు లేదు. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి, గడ్డిలో పిడుదులుంటాయి. ఈ ఈగలు మాత్రం మనల్ని కుట్టవు.

కొమ్మల సందులోంచి ఆకాశం కనిపించే చోటు చూసుకుని చాప పరవండి. మొదటి ఏడాది నేను నిలబడి పక్కనుంచి టార్చ్ వేసి చూశాను. కళ్లు చెదిరాయి తప్ప ఏమీ తెలియలేదు. మగది ఆడదాన్ని కింది నుంచి, ఆకాశం మీద నీడలా చూస్తుంది. మనమూ అక్కడి నుంచే చూడాలి.

పైన తేలుతూ ఉండేవి ఆడవి. గాలి మింగి పొట్ట పక్కల సంచులు ఉబ్బించుకుంటాయి, ఈకల్లాంటి పొలుసులున్న కాళ్లను పొట్టకి ఆనించుకుంటాయి. కింది నుంచి చూస్తే గుండ్రటి బిళ్లలా ఉంటాయి. అంత పొట్ట ఉంటే గుడ్లు పక్వానికి వచ్చాయని మగది అనుకుంటుంది. చాలాసార్లు అది ఉత్త గాలే! పరిశోధకులు ప్లాస్టిక్ బొమ్మలు వేలాడదీసి చూస్తే, పెద్ద బొమ్మల దగ్గరికే మగవి ఎక్కువగా వచ్చాయి.

ఇంత వేషం ఎందుకంటే, ఆడది వేటాడదు. గుడ్లకి కావలసిన ప్రోటీన్ మగది తెచ్చే పురుగులోంచే రావాలి. మన పాతకాలపు ఓలి లాంటిదన్నమాట. కింద ఏదో వేలాడుతూ గుంపులోకి దూసుకొచ్చేది కనిపిస్తే అదే మగది. దాని మీద చూపు నిలపండి. జత కుదిరితే రెండూ గుంపు వదిలి పక్కకి జరుగుతాయి. జత కట్టినంతసేపూ ఆడది ఆ పురుగుని తింటూనే ఉంటుంది.

లేచేటప్పుడు పక్క పొదల్లో సాలెగూళ్లు కూడా చూడండి. ఆ ఈకల కాళ్లు చిక్కుకుంటే విడిపించుకోవడం ఆడదానికి కష్టం. బాగా చీకటి పడ్డాక ఇంక కనిపించేదేమీ ఉండదు. చాప దులిపి, ఇంటికెళ్లాక పిడుదుల కోసం మోకాళ్ల వెనక ఒకసారి తడుముకోండి.