స్కోప్ గురి తప్పుతోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

తూటా అనుకున్న చోట పడకపోతే చాలామంది వెంటనే రైఫిల్ స్కోప్ మార్చేస్తారు. మధ్యస్థాయి ధర స్కోప్‌ల మీద ఈ నింద ఇంకా ఎక్కువ పడుతుంది. "ఆ డబ్బుకి అంతకంటే ఏం వస్తుంది" అనేస్తారు. ఇది అన్యాయం. ఈ ధరలో ఇప్పుడు నిజంగా మంచి స్కోప్‌లు దొరుకుతున్నాయి. వాటి మీద వచ్చే ఫిర్యాదులు చాలావరకు బిగింపు దగ్గరో, సర్దుబాటు దగ్గరో తేలిపోతాయి. కాబట్టి లక్షణం పట్టుకుని కారణం దాకా వెళ్దాం. తప్పు నిజంగా స్కోప్‌దే అయితే ఏది కొనాలో కూడా ఆ దారిలోనే తెలుస్తుంది.

ఏ పరీక్షకైనా ముందు మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి.

జీరో నిలవడం లేదు

జీరో అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ని సరిచేసి పెట్టుకోవడం. నిన్న మధ్యలో పడింది, ఇవాళ రెండు అంగుళాలు పక్కకి పోయింది. లేదా గ్రూప్ (వరసగా కాల్చిన తూటాల గుంపు) ఉన్నట్టుండి చెదిరిపోతోంది. ముందుగా అనుమానించాల్సింది స్కోప్‌ని కాదు, దాన్ని పట్టి ఉంచే బేస్‌నీ రింగులనీ.

రింగు అంచు దగ్గర ట్యూబ్ మీద పెన్సిల్‌తో సన్నటి గీత గీయండి. పది తూటాలు కాల్చాక చూడండి. గీతకీ రింగుకీ మధ్య వెంట్రుకంత సందు కనిపించినా ట్యూబ్ జారుతున్నట్టే. గీత కదలకపోతే బేస్ స్క్రూలు చూడాలి. చాలాసార్లు నూనె తుడవకుండానే వాటిని బిగించేసి ఉంటారు.

అన్నీ విప్పి, స్క్రూలనీ రంధ్రాలనీ ఆల్కహాల్‌తో తుడవండి. బేస్ స్క్రూలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. రింగుల పై స్క్రూలకి చాలా కంపెనీలు చెప్పే బిగింపు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. మీ రింగుల కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. చేతి అంచనాతో ఇది కుదరదు, చిన్న టార్క్ రెంచ్ కొనుక్కోవాల్సిందే. అతిగా బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది, లోపల క్రాస్‌హెయిర్‌ని (గురి చూపే అడ్డు, నిలువు గీతల్ని) కదిపే భాగం సాఫీగా తిరగదు. స్క్రూలని ఒకటి తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా చూడండి.

రైలు (రైఫిల్ పైన గాళ్లున్న పట్టీ) మీద రింగు పెట్టినప్పుడు దాన్ని బ్యారెల్ వైపు ముందుకి నెట్టి పట్టుకుని బిగించండి. తూటా పేలగానే రైఫిల్ వెనక్కి తన్నుతుంది, స్కోప్ బరువు ఉన్న చోటే ఉండాలని చూస్తుంది. గాడిలో ముందు వైపు ఖాళీ ఉంటే రింగు ఆ మేరకు జరుగుతుంది. ఇంకో సంగతి: రైలు రకాల్లో పికటిన్నీ రైలు గాడి వెడల్పు 5.23 మి.మీ., వీవర్ గాడి 4.57 మి.మీ. వీవర్ రింగులు పికటిన్నీ మీద కూర్చుంటాయి, పికటిన్నీ రింగులు వీవర్ మీద చాలాసార్లు కూర్చోవు. "ఎలాగోలా పట్టింది" అంటే అది పట్టనట్టే లెక్క.

ఇంతా చేశాక కూడా మార్పు లేకపోతే, బాగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో స్కోప్‌ని అవే రింగుల్లో పెట్టి కాల్చండి. గ్రూప్ కుదిరితే మీ స్కోప్‌దే లోపం. కుదరకపోతే స్టాక్ (భుజానికి ఆనే భాగం) స్క్రూలు, బ్యారెల్, తూటాల రకం చూసుకోవాలి. వేటకి వెళ్లే వాళ్లు ఇది తేలే వరకు అడవిలో అడుగు పెట్టకూడదు. రెండు అంగుళాల తేడా కాగితం మీద చిల్లు మాత్రమే, ఒక జంతువుకి మాత్రం గాయంతో పారిపోయి గంటల తరబడి చావడం.

క్లిక్కులు తిప్పినంత కదలడం లేదు

టరెట్ (స్కోప్ మీది సర్దుబాటు నాబ్) ఒక్కో మెట్టు తిరగడమే క్లిక్కు. ముందు లెక్క సరిచూసుకోండి. ఒక ఎంఓఏ (కోణాన్ని కొలిచే ప్రమాణం) అంటే 100 గజాల దగ్గర సరిగ్గా అంగుళం కాదు, 1.047 అంగుళాలు. పావు ఎంఓఏ క్లిక్కులు 40 తిప్పితే 10.47 అంగుళాలు కదలాలి. 10 అంగుళాలే అనుకున్న వాళ్లకి స్కోప్ ఎక్కువ కదిలినట్టు కనిపిస్తుంది. మిల్ (ఇంకో కోణ ప్రమాణం) స్కోప్‌లో 0.1 మిల్ క్లిక్ 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు. పావు ఎంఓఏ స్కోప్‌కి 25 గజాల దగ్గర జీరో మొదలుపెట్టినప్పుడు అంగుళానికి 4 క్లిక్కులు సరిపోవు, దాదాపు 16 కావాలి.

లెక్క సరిగ్గానే ఉంటే అసలు పరీక్ష చేయండి. దీనికి ఒక్క తూటా కూడా అక్కర్లేదు. పొడవాటి అట్ట మీద, బరువు కట్టిన దారం వేలాడదీసి దాని వెంబడి నిలువు గీత గీయండి. కింద ఒక చుక్క, దానికి 20.9 అంగుళాల పైన ఇంకో చుక్క పెట్టండి. టేపుతో కొలిచి, అట్టని స్కోప్ ముందు భాగం నుంచి సరిగ్గా 100 గజాల దూరంలో నిలబెట్టండి. రైఫిల్‌ని కదలకుండా బిగించి, క్రాస్‌హెయిర్‌ని ఒక చుక్క మీద పెట్టి 80 క్లిక్కులు (పావు ఎంఓఏవి) తిప్పండి. రెండో చుక్క మీదకి వచ్చిందా? ఇప్పుడు వెనక్కి తిప్పండి. మొదటి చుక్క మీదకే తిరిగొచ్చిందా?

- గీత నుంచి పక్కకి జారుతుంటే స్కోప్ వంకరగా బిగించారు. రింగులు వదులు చేసి, నిలువు గీతకి క్రాస్‌హెయిర్‌ని సరిచేయండి.
- ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తక్కువో ఎక్కువో వస్తుంటే దాన్ని బాలిస్టిక్ యాప్‌లో (తూటా దారిని లెక్కగట్టే యాప్) సరిదిద్దుకోవచ్చు.
- తిరిగి మొదటి చోటికి రాకపోతే లోపలి స్ప్రింగో గాడో పోయింది. దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు, వారంటీకి పంపండి.

మధ్యస్థాయి స్కోప్‌కీ చవక స్కోప్‌కీ నిజమైన తేడా ఇలా మొదటి చోటికి తిరిగి రావడంలోనే బయటపడుతుంది. అద్దం మెరుపు షాపులోనే కనిపిస్తుంది, ఇది మాత్రం కనిపించదు.

తల కదిపితే గురి కూడా కదులుతోంది

ఇది పారలాక్స్. రైఫిల్ స్థిరంగా ఉన్నా, కన్ను పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద జరుగుతుంది. సర్దుబాటు లేని వేట స్కోప్‌లని ఎక్కువగా 100 గజాలకి, .22 రైఫిల్ స్కోప్‌లని 50 గజాల దగ్గరికి ఫ్యాక్టరీలోనే అమర్చేస్తారు. నష్టం ఎంతో వేసి చూద్దాం. 100 మీటర్లకి అమర్చిన 40 మి.మీ. లెన్స్ స్కోప్‌తో 200 మీటర్ల దగ్గర కాలిస్తే, కన్ను పూర్తిగా అంచుకి పోయినప్పుడు కూడా తప్పు సుమారు 20 మి.మీ. మాత్రమే. వేటకి అది ఫర్వాలేదు. టార్గెట్ షూటింగ్‌లో మాత్రం అదే పతకం పోగొడుతుంది. టార్గెట్ కోసమైతే పక్కన పారలాక్స్ నాబ్ ఉన్న స్కోప్ తీసుకోండి. నాబ్ మీది అంకెని నమ్మకుండా, తల ఊపి చూస్తూ కదలిక ఆగే చోట పెట్టండి.

క్రాస్‌హెయిర్ మసకగా ఉంది

కన్ను పెట్టే వైపున్న డయాప్టర్ రింగ్ మీ చూపుకి సరిచేయలేదు. ఖాళీ ఆకాశం వైపో తెల్ల గోడ వైపో రెండు సెకన్లు చూసి, చూపు తిప్పుకుని, కొంచెం తిప్పి మళ్లీ చూడండి. సూర్యుడి వైపు పొరపాటున కూడా పెట్టకండి. అదేపనిగా చూస్తూ తిప్పితే కన్నే సర్దుకుపోయి మోసం చేస్తుంది.

సాయంత్రం అయితే ఏమీ కనిపించడం లేదు

స్కోప్ ముందు వైపు లెన్స్ వెడల్పుని (మి.మీ.లలో) జూమ్‌తో భాగించండి. కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం వస్తుంది. 3-9×40 స్కోప్‌ని (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. లెన్స్) 9 మీద పెడితే 4.4 మి.మీ., 5 మీద పెడితే 8 మి.మీ. చీకట్లో కంటిపాప దాదాపు 7 మి.మీ. దాకా విప్పారుతుంది, వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది. కాబట్టి ముందు జూమ్ తగ్గించండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. 56 మి.మీ. లెన్స్ వెంటపడితే బరువు పెరుగుతుంది, స్కోప్ ఎత్తుగా బిగించాలి, చెంప స్టాక్‌కి ఆనదు. అప్పటికీ మసకే అయితే లెన్స్ పూత చూడండి. "ఫుల్లీ మల్టీ-కోటెడ్" అన్న మాట ఉండాలి, ఒట్టి "కోటెడ్" సరిపోదు.

చుట్టూ నల్లటి వలయం, లేదా కనుబొమకి దెబ్బ

కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం (ఐ రిలీఫ్) కుదరలేదు. ఎక్కువ జూమ్ మీద పెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, అప్పుడు కళ్లు తెరవండి. నిండుగా కనిపించే వరకు స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. గట్టిగా తన్నే రైఫిల్ అయితే ఐ రిలీఫ్ 4 అంగుళాల దగ్గర ఉన్నదే కొనండి.

లోపల పొగమంచు

బయట తేమ పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. లోపల పట్టిందంటే సీల్ పోయి, నింపిన నైట్రోజన్ బయటికి వెళ్లిపోయిందని అర్థం. విప్పకండి, కంపెనీకి పంపండి.

ఎయిర్ రైఫిల్ మీద పెట్టగానే పాడైంది

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకి కుదుపుతుంది. మామూలు స్కోప్‌లు ఒక వైపు తన్నుకే తయారవుతాయి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని కంపెనీ రాసి ఇచ్చినదే కొనండి.

అన్నీ చూశాం, స్కోప్‌దే తప్పు. ఇప్పుడు ఏది కొనాలి?

ఒకే ధరలో 3-9×40, 6-24×50 రెండూ ఎదురుగా ఉంటే వేటకి నేను కళ్లు మూసుకుని మొదటిదే చెబుతాను. పెద్ద జూమ్‌కి ఎక్కువ లెన్సులు, ఎక్కువ కదిలే భాగాలు కావాలి. అదే డబ్బులో అవన్నీ ఇరికించాలంటే అద్దంలోనో టరెట్‌లోనో కోత పడుతుంది. దూరం టార్గెట్ కాల్చేవాళ్లకి జూమ్ అవసరమే, కానీ ముందు టరెట్, పారలాక్స్ నాబ్ చూసి ఆ తర్వాతే జూమ్ చూడాలి. రెటికిల్ (క్రాస్‌హెయిర్) గుర్తులతో గురి పెట్టేవాళ్లు సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో (జూమ్ మార్చినా గుర్తుల సైజు మారనిది) ఆ గుర్తులు ఒక్క జూమ్ దగ్గరే, సాధారణంగా గరిష్ఠ జూమ్ దగ్గర, సరిపోతాయని గుర్తుంచుకోవాలి.

వారంటీ కూడా ధరలో భాగమే. లూపోల్డ్, వోర్టెక్స్ లాంటి కంపెనీలు రైఫిల్ స్కోప్‌లకి జీవితకాల వారంటీ ఇస్తాయి, స్కోప్ చేతులు మారినా అది వర్తిస్తుంది. అందుకే అలాంటివి సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి భయపడక్కర్లేదు. రింగుల కింద నొక్కులు ఉన్నాయేమో చూసి, పైన చెప్పిన రెండు చుక్కల పరీక్ష చేసి తీసుకోండి. కొత్తదైతే, వాపసు గడువు దాటకముందే ఆ పరీక్ష చేసేయండి. రింగులకి కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకుని, మిగిలినదానితో స్కోప్ చూసుకోండి.