టైల్స్‌కి కాదు, సందులకి వెయ్యండి సీలర్

మొన్న మా పక్కింటాయన పెద్ద డబ్బా సీలర్, అదే నీళ్ళూ మరకలూ లోపలికి దిగకుండా పూసే మందు, కొనుక్కొచ్చి హాలంతా అలికినట్టు పూసేసాడు, మర్నాడు పొద్దున్న చూస్తే చారలు చారలు, నడుస్తుంటే కాలికి జిగురు. తప్పేటంటే ఆ హాల్లో వేసినవి విట్రిఫైడ్ టైల్స్. అవి వాటి బరువులో 0.5 శాతం కూడా నీళ్ళు పీల్చవు, మరి పోసిన సీలర్ ఎక్కడికి పోద్ది, పైనే ఉండిపోయి దుమ్ము పట్టుకుంటాది. గ్లేజ్ ఉన్న సిరామిక్ కూడా అంతే, పైన గాజు పొర ఉంది కదా, లోపలికి దిగదు. నీళ్ళు తాగేది టైల్ కాదు, టైల్‌కీ టైల్‌కీ మధ్య సందులో పెట్టిన సిమెంటు. దాన్నే గ్రౌట్ అంటారు, మా ఒడిశా పర్లాకిమిడి మేస్త్రీలు జాయింట్ అంటారు. దానికి అచ్చ తెలుగు ముక్క అడక్కండి, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మేస్త్రి నోట్లో ఏది పలికితే అదే రాస్తాం.

మీ ఇంట్లో సీలర్ కావాలా వద్దా తెలుసుకోడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. చెంచాడు నీళ్ళు జాయింట్ మీద పోసి పది నిమిషాలు ఆగండి. నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయంటే పర్లేదు, సందు రంగు ముదిరిపోయిందంటే తాగేస్తోందన్నమాట. సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ పెట్టించుకున్న వాళ్ళు మాత్రం హాయిగా కూర్చోండి, దానికి సీలర్ అక్కర్లేదు. రాయి గచ్చు సంగతి వేరు, కడప రాయి, తాండూరు, మార్బుల్ ఇవి రాయే నీళ్ళు పీలుస్తుంది కాబట్టి రాయంతటికీ లోపలికి ఇంకే రకం సీలర్ పెట్టాలి. ఆ రాళ్ళ మీద నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవండి, పులుపు సున్నపు రాయిని తినేస్తుంది, మెరుపు పోయి మచ్చ పడుతుంది, ఆ మచ్చ సీలర్ ఉన్నా పడుతుంది.

యాసిడ్ గురించి చెప్పాలంటే నేనూ తక్కువేం తినలేదు. ఇల్లు కట్టిన ఏడే దసరా ముందు బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి వసారాలో పోసాను. బుసబుసా పొంగింది, తెల్లగా వచ్చింది, మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. సంక్రాంతికి చూస్తే జాయింట్‌ని గోటితో గీకితే ఇసకలా రాలుతోంది. పొంగింది మురికి కాదు, సిమెంటే. ఆ పై వానాకాలం నీళ్ళు కిందకి దిగి రెండు టైల్స్ ఊడొచ్చాయి, రూపాయి బిళ్ళతో కొడితే డొల్ల చప్పుడు. కాబట్టి యాసిడ్ వద్దు. బ్లీచింగ్‌తో యాసిడ్ కలపడం అసలే వద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తాది, తలుపులు మూసిన బాత్రూంలో ప్రాణం మీదకొస్తాది.

మామూలు జిడ్డుకి వంటసోడా కాస్త నీళ్ళతో ముద్ద చేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేస్తే చాలు. పసుపు మరక దగ్గరే అందరూ బోల్తా పడేది. మార్గశిర లక్ష్మివారాల్లో మా ఎదురింటి ఒడియా మావుసి (పిన్నిగారు) మాణబసా అనే లక్ష్మీ పూజకి బియ్యప్పిండితో ఝొటి, అంటే ముగ్గు, వేస్తారు, అది తడిగుడ్డకి పోతుంది. మా గడప ముందర పసుపూ కుంకం పడి సందులోకి దిగిపోతాయి. దాని మీద సర్ఫు పోసారో ఎర్రగా అయిపోతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది చూడండి, అదే కథ. వంటసోడా కూడా పసుపు మీద వద్దు. మందుల షాపులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది, దూది తడిపి సందు మీద అరగంట పరిచి కడిగెయ్యండి, మిగిలిన ఛాయ ఎండ తగిలే చోటైతే దానంతటదే వెలిసిపోతుంది.

ఇక పని. వానల్లో మొదలెట్టొద్దు, మా వైపు జూన్ నుంచి గోడలే చెమరుస్తాయి, కార్తీకం వచ్చాక పెట్టుకోండి. ఊడిన జాయింట్ ఉంటే హాక్సా బ్లేడుతో టైల్ మందంలో మూడింట రెండొంతుల లోతు గీకి దుమ్ము ఊదెయ్యండి. కొత్త గ్రౌట్ పొడిని టూత్‌పేస్ట్ అంత చిక్కగా కలిపి, పది నిమిషాలు వదిలేసి మళ్ళీ కలిపి, రబ్బరు ముక్కతో ఏటవాలుగా నొక్కుతూ నింపాలి. నీళ్ళెక్కువైతే ఆరాక రంగు పాలిపోయి పగుళ్ళొస్తాయి, మేస్త్రీలు తొందరకి ఎప్పుడూ జారుగానే కలుపుతారు, పక్కనే నిలబడండి. ఓ పావుగంటాగి, పిండేసిన స్పాంజితో టైల్ మీది మడ్డి తుడవాలి.

మూడు రోజులు ఆరనిచ్చాక సీలర్. షాపులో టైల్ జాయింట్‌కి, లోపలికి ఇంకే రకం అని అడగండి, మెరుపొచ్చే రకం అంటగడతారు, అది వద్దు. ముందు ఏ మంచం కిందో ఓ మూల వేసి చూడండి. కిటికీలు తెరిచి, సన్న బ్రష్‌తో సందు వెంబడి గీత గీసినట్టు పూసుకుంటూ పోయి, ఐదు పది నిమిషాల్లో టైల్ మీద పడ్డదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, అది ఆరిపోతే ఇక పొగమంచులా ఉండిపోతుంది (పక్కింటాయన హాలు గుర్తుంది కదా). డబ్బా మీద రాసినంత సేపు ఆగి రెండో పూత వెయ్యండి. ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వద్దు. వంటిల్లూ వసారా ఏడాదికోసారి, హాలు రెండేళ్ళకోసారి ఆ చెంచా నీళ్ళ పరీక్ష చేసి, తాగితేనే మళ్ళీ వెయ్యండి.

రోజూ తుడవడానికి బకెట్‌కి మూతెడు ఫినైల్ చాలు, ఎక్కువైతే పొర కట్టి ఇంకా మురికి పడుతుంది. తడిగుడ్డకి ముందు ఊడ్చెయ్యాలి, చెప్పులతో వచ్చిన ఇసకే టైల్‌ని గీకేది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ ఎవరికీ ఇచ్చెయ్యకండి, పెట్టె మీద షేడ్ నంబరు చింపకుండా అటక మీద ఆరేడు దాచండి. నా వసారాలో ఆ రెండు టైల్స్ ఇప్పటికీ కాస్త వేరే రంగు.