అన్నీ మన పద్ధతిలోనే జరగాలనిపించినప్పుడు

పరిపూర్ణత కోసం పడే తపనను మనస్తత్వవేత్తలు పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో మూడు రకాలుగా విడదీశారు: తన నుంచి తాను లోపంలేని పనిని ఆశించడం, ఇతరుల నుంచి ఆశించడం, ఇతరులు తన నుంచి ఆశిస్తున్నారని నమ్మడం. నా దృష్టిలో ఇంట్లో పెత్తనంగా బయటపడేది ఎక్కువగా రెండోదే కనుక, ముందుగా దాన్నే గమనించండి. ఎవరో తోమిన గిన్నెలను మీరు మళ్లీ తోముతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, అవి నిజంగా జిడ్డుగా ఉన్నాయా, లేక మీ పద్ధతిలో తోమలేదన్నదే మీ బాధా అని ప్రశ్నించుకోండి. పద్ధతే కారణమైతే, ఆ పనిని వారం రోజులపాటు పూర్తిగా వారికే వదిలేసి, సరిదిద్దకుండా ఉండండి. మొదట్లో కలిగే ఆందోళన సహజమే, దానికి లొంగి పనిని మళ్లీ మీ చేతుల్లోకి తీసుకోకండి. ఈ స్వభావం వల్ల పనులు పూర్తికాకపోతున్నా, బంధాలు దెబ్బతింటున్నా క్లినికల్ సైకాలజిస్టును సంప్రదించండి.