వేటకుక్క పెంపకం, 4వ పాఠం: తోటి కుక్కల మీద పెరిగే కోపం

ఈ పాఠం మొదలుపెట్టాలంటే మీ కుక్క పేరు వినగానే తల తిప్పి చూడాలి. "పద" అనగానే మీతో పాటు వెనక్కి మళ్లాలి. ఈ రెండూ ఇంటి వాకిట్లో పదిసార్లకు తొమ్మిదిసార్లు జరగాలి. ఇంకా కుదరకపోతే 3వ పాఠంలోనే మరో వారం ఉండండి. ఆ పునాది లేకుండా కింద చెప్పినవి ఏవీ నిలవవు.

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు కార్వానీ జాతి వేటకుక్కలను పెంచే తెలుగు ఇళ్లలో వినబడే మాట ఒకటే. పిల్లగా ఉన్నప్పుడు వాడకుక్కలన్నిటితో ఆడిందట, ఏడాదిన్నర దాటాక కుక్క కనబడితే చాలు మీదికి ఉరుకుతోందట. కుక్క చెడిపోలేదు. ఒళ్లు ఎదగడం ఏడాదికే చాలావరకు అయిపోయినా, తోటి కుక్కలతో మెలిగే తీరు మాత్రం ఒకటి నుంచి మూడేళ్ల మధ్య స్థిరపడుతుంది. లోపల ఉన్న భయం గానీ పోటీ గానీ బయటపడేది అప్పుడే. ఆ వయసులో పగలంతా గొలుసుకు కట్టి ఉంచితే, ఎదురుగా పోయే ప్రతి కుక్కా దానికి అందని శత్రువైపోతుంది.

ముందు అది ఏ రకం కోపమో తేల్చుకోవాలి, ఎందుకంటే చూడటానికి ఒకేలా ఉన్నా వేర్లు వేరు. తోక కిందికి, ఒళ్లు వెనక్కి పెట్టి దూరం నుంచే గట్టిగా మొరుగుతూ, అవతలి కుక్క వెళ్లిపోగానే చల్లబడితే అది భయం. తోక నిలువుగా, మెడమీది వెంట్రుకలు లేచి, ఛాతీ ముందుకు పెట్టి, ముఖ్యంగా మగకుక్కల మీదనే లేస్తే పోటీ. తిండి గిన్నె దగ్గరో, పడుకునే చోటో, మీ పక్కనో మాత్రమే వస్తే అది సొత్తు కాపాడుకోవడం. నడిపించే పట్టీ విప్పితే బాగానే ఆడుకుని, పట్టీ ఉన్నప్పుడే రెచ్చిపోతే చిరాకు.

ఐదో రకం వేటకుక్కలకు ప్రత్యేకం, అన్నిటికన్నా ప్రమాదం. చిన్న కుక్క పరుగెడుతుంటే మీ కుక్క మొరగదు, గుర్రుమనదు. నోరు మూసి, చెవులు నిక్కించి, ఒక్క క్షణం కదలకుండా నిలబడి, ఆ తర్వాత బాణంలా పోతుంది. అది కోపం కాదు, కుందేలును చూసినప్పుడు లేచే గుణమే. ఈ గుణాన్ని తీసేయలేం. చిన్న కుక్కలున్న చోట పట్టీ, మూతికి చిక్కం లేకుండా వదలకపోవడం ఒక్కటే దారి. కొందరు దాన్ని పౌరుషమని మెచ్చుకుంటారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కుందేలు మీదికి వదలడమూ నేరమే, కాబట్టి ఆ మెప్పుకు పని లేదు.

ఒక వారం నోటుపుస్తకంలో రాయండి: వేళ, ఎదురైన కుక్క ఎలాంటిది, ఎన్ని అడుగుల దూరం, మనది మొదట ఏం చేసింది, మామూలవడానికి ఎంతసేపు పట్టింది. అడుగులంటే మీరు నడిచే అడుగులే, టేపు అక్కర్లేదు. వారం చివర చూస్తే రకం మీకే తెలుస్తుంది. ఆ వారంలోనే పశువైద్యుడికి చూపించండి. చెవిలో చీము, పుచ్చిన పన్ను, కీళ్ల నొప్పి, గోమార్ల వల్ల వచ్చే జ్వరం, థైరాయిడ్ తగ్గడం, వీటిలో ఏదున్నా కుక్క చిరచిరలాడుతుంది. నొప్పి ఉన్న కుక్కకు శిక్షణ పనికిరాదు. ఇన్నేళ్లూ నెమ్మదిగా ఉన్నది రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారి, చొంగ కారుస్తూ, గొంతు మారి, కారణం లేకుండా కరవబోతే అది రేబిస్ కావచ్చు. దాన్ని ముట్టుకోకుండా గదిలో మూసి డాక్టరును పిలవండి.

ఇక సామాను. కార్వానీ మెడ తలకన్నా లావు. అందుకే మామూలు బెల్టును వెనక్కి లాగితే తల జారి బయటికి వచ్చేస్తుంది, చాలా గొడవలు ఇలాగే మొదలవుతాయి. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుండి, లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగుసుకుని ఆగిపోయే మార్టింగేల్ బెల్టు తీసుకోండి. పూర్తిగా బిగిసినా ఊపిరి ఆడాలి. పట్టీ నూలుదో నైలానుదో, కొలబద్ద అడుగుల్లో ఆరు అడుగులది. ఇనుప గొలుసు చేతిని కోస్తుంది, చప్పుడుతో కుక్కను ఇంకా రేపుతుంది. సాగి ముడుచుకునే పట్టీ ఈ పనికి అసలే వద్దు.

చిక్కం తప్పదు. అరక తోలేటప్పుడు ఎద్దు మూతికి కట్టేది మనకు తెలిసిందే. కుక్కకూ బుట్ట ఆకారంలో ఉన్నదే కావాలి, దుకాణంలో బాస్కెట్ మజిల్ అని అడగండి. లోపల నోరు పూర్తిగా తెరిచి వగర్చాలి, నీళ్లు తాగాలి. మూతిని నొక్కిపట్టే గుడ్డ చిక్కం మన ఎండల్లో ప్రాణం తీస్తుంది, ఎందుకంటే కుక్క ఒంటి వేడి ఎక్కువగా నోటి గుండానే పోతుంది. కొలత కోసం కళ్లకు ఒక వేలెడు కింది నుంచి ముక్కు కొస దాకా పొడవు తీసుకుని ఒక సెంటీమీటరు కలపండి. నోరు తెరిచి ఉన్నప్పుడు మూతి చుట్టుకొలత చూడండి. కార్వానీ మూతి సన్నం, పొడుగు. మామూలు సైజులు సరిపోవు, తెచ్చి పెట్టి చూశాకే కొనండి.

తెచ్చిన రోజే తగిలించొద్దు. మొదటి రెండు రోజులు చిక్కం లోపల తిండిముక్క పెట్టి, అదే మూతి దూర్చేలా చూడండి. మూడో రోజు నుంచి లోపల మూతి ఉంచినంతసేపు ముక్కలు అందిస్తూ ఐదు లెక్కబెట్టండి, తర్వాత పది. ఆ తర్వాతే చిక్కానికున్న పట్టీ పెట్టి, ఒక నిమిషం, రెండు, ఐదు. పది రోజులు పడుతుంది. తొందరపడి బిగిస్తే కాళ్లతో గీకి పీకేస్తుంది, ఆ తర్వాత చూస్తేనే పారిపోతుంది.

అసలు పని దూరంతో. ప్రతి కుక్కకూ ఒక గీత ఉంటుంది. ఆ గీతకు ఇవతల ఉన్నంతవరకు మరో కుక్కను చూసినా తింటుంది, మీ మాట వింటుంది. గీత దాటితే చెవులు పనిచేయవు. ఎదుటి కుక్కను చూస్తూ నోరు మూసుకోవడం, ఒళ్లు బిగియడం, బరువు ముందుకాళ్ల మీద పడటం, రెండు మూడు సెకన్లు కన్ను తిప్పకపోవడం, ముక్క పెట్టినా ముట్టకపోవడం, ఇవన్నీ గీత దాటిన గుర్తులు. మొరిగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. వేటకుక్క చాలాసార్లు చప్పుడు లేకుండానే గీత దాటుతుంది కాబట్టి చెవితో కాదు, కంటితో చూడాలి.

సోయా కోసేసిన చెలక దీనికి మంచి చోటు. చూపు దూరం పోతుంది, గట్టు మీద ఒక చెట్టో పొదో ఉంటే ఇంకా మేలు. తెలిసినవాళ్ల నెమ్మదైన కుక్కను పట్టీతో తెమ్మనండి. మొదటిసారి నూరు అడుగుల దూరం నుంచి చూపించండి. తింటుంటే పది అడుగులు దగ్గరికి, తినకపోతే ఇరవై అడుగులు వెనక్కి. హాయిగా తినే చోటుకు ఇంకో పది అడుగులు కలిపితే అదే మీ మొదటి స్థలం.

సాయం చేసేవాళ్లు చెట్టు వెనక నుంచి కుక్కతో బయటికి వచ్చి అడ్డంగా నడవాలి, మీ వైపు కాదు. మీ కుక్క చూడగానే "భలే" అని ఒక్క మాట, వెంటనే ముక్క. ఆ కుక్క కనబడుతున్నంతసేపు, అంటే ఐదు నుంచి పది సెకన్లు, ముక్క మీద ముక్క. అది చెట్టు వెనక్కి పోగానే తిండి బంద్. ఇలా ఎనిమిది పదిసార్లు. మధ్యలో ఐదు నిమిషాలు నేల వాసన చూసుకోనివ్వండి. మొత్తం పావుగంట దాటొద్దు, వారానికి నాలుగైదు రోజులు చాలు. కొన్నాళ్లకు అవతలి కుక్క కనబడగానే మీది తనంతట తానే మీ మొహం చూస్తుంది. వరుసగా మూడు రోజులు అలా చేస్తేనే ఐదు అడుగులు దగ్గరికి జరగండి.

తిండి మామూలు రొట్టె కాకూడదు. ఉప్పు, కారం, ఉల్లిపాయ వేయకుండా ఉడికించిన కోడిమాంసం, శనగగింజంత ముక్కలు, ఒక పూటకు గుప్పెడు. ఉల్లి కుక్కకు విషం. కాలేయం ఇంకా ఇష్టంగా తింటుంది గానీ వారానికి రెండు రోజులు చాలు. ఈ ముక్కలు ఇంకెప్పుడూ పెట్టకండి, వీటి విలువంతా అందులోనే ఉంది.

ఎక్కువమంది ఇళ్లలో పని చెడేది వరుస తారుమారైనప్పుడు. కుక్క వస్తోందని మీరు ముందే గమనించి తిండి చూపిస్తే, "తిండి బయటికొచ్చిందంటే శత్రువు వస్తున్నాడు" అని నేర్చుకుంటుంది. ముందు కుక్క కనబడాలి, తర్వాతే తిండి. రెండోది పట్టీ బిగబట్టడం: మీ చెయ్యి బిగిస్తే దాని మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే గొడవ వస్తోందని అర్థం చేసుకుంటుంది. పట్టీ మధ్యలో కొద్దిగా వేలాడుతూ ఉండాలి. మూడోది తొందర. ఒకరోజు బాగా చేసిందని మర్నాడే అంగడికి తీసుకుపోతే నెల పని పోతుంది. ఒకసారి రెచ్చిపోయిన కుక్క లోపల చల్లబడటానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆ రోజుల్లో కొత్త కుక్కలను చూపించకండి.

కొట్టడం గురించి గట్టిగా చెప్పాలి. గుర్రుమన్నందుకు కొడితే కోపం పోదు, గుర్రుమనడం పోతుంది. తర్వాత అది హెచ్చరిక లేకుండా కరుస్తుంది. ఇంకో కుక్క కనబడ్డప్పుడల్లా దెబ్బ పడితే, ఆ దెబ్బను కూడా అవతలి కుక్క ఖాతాలోనే వేస్తుంది. వాడకుక్కల మీదికి ఉసిగొల్పి "గట్టిపడనీ" అనేవాళ్లూ ఉన్నారు. జంతువులను పోట్లాటకు రెచ్చగొట్టడం 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరం, పైగా అలా గెలిచిన కుక్కను మళ్లీ మార్చడం చాలా కష్టం.

వీధిలో నడిపించాలంటే తెల్లవారుజామున, వాడకుక్కలు తక్కువ తిరిగే దారిన. అక్టోబరులో చిత్తకార్తె చుట్టుపక్కల గుంపులు కడతాయి, అప్పుడు చెలకలోనే నడిపించండి. గొర్రెల మందలు దిగిన చోటుకు పోకండి; మందకుక్కలు వెనక్కి తగ్గవు, అది వాటి పని. ఎదురుగా వస్తున్న కుక్క కనబడితే "పద" అని వెనక్కి మళ్లండి. వదిలేసిన కుక్క మీదికే వస్తుంటే మీ కుక్కను వెనక పెట్టుకుని, గుప్పెడు ముక్కలు ఆ వచ్చే కుక్క ముందు నేలమీద చల్లండి. అది ఏరుకునేలోపు మీరు పోవచ్చు.

పోట్లాట జరిగిపోతే మధ్యలో చెయ్యి పెట్టొద్దు, మెడబెల్టు పట్టొద్దు. బకెట్ నీళ్లు మొహాల మీద కొట్టండి, లేదా తడిక, ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో దూర్చండి. ఇద్దరుంటే, పళ్లు పట్టు వదిలాక ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనకకాళ్లు పైకెత్తి వెనక్కి, కొద్దిగా వంపుగా లాగాలి. పళ్లు దిగి ఉన్నప్పుడు లాగితే తోలు చీలుతుంది, కార్వానీ తోలు పలచన. పంటిగాటు పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో చీము పడుతుంది, కాబట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి. మనిషికి గాటు పడితే సబ్బుతో పారే నీళ్లలో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి, మీ కుక్కకు టీకా పడి ఉన్నా సరే.

విత్తులు తీయిస్తే తగ్గుతుందా అంటే, మగకుక్కల మధ్య పోటీలో కొన్నిటికి తగ్గుతుంది. భయంతో వచ్చే కోపం తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది. రకం తేలాకే నిర్ణయించండి. చేయిస్తే, ఒంట్లో కొవ్వు తక్కువైన ఈ జాతికి కొన్ని మత్తుమందుల ప్రభావం చాలాసేపు దిగదని డాక్టరుకు ముందే గుర్తుచేయండి.

ఈ పాఠానికి ఆరు వారాలు పెట్టుకోండి: మొదటి వారం పుస్తకం, డాక్టరు, ఆ వారం చివర మొదలుపెట్టి రెండో వారమంతా చిక్కం, మిగతా నాలుగూ చెలకలో. ఇరవై అడుగుల దూరంలో ఒక నెమ్మదైన కుక్క పక్కగా పోతుంటే మీది చూసి, మీవైపు తిరిగి, ముక్క తిని నడిస్తే ఈ పాఠం అయినట్టే. ప్రతి కుక్కతో స్నేహం చేయాల్సిన పని లేదు. 5వ పాఠం ఒకే ఇంట్లో రెండు కుక్కల గురించి. మీ ఇంట్లో రెండుంటే అప్పటిదాకా వాటికి గిన్నెలు వేరే గదుల్లో పెట్టండి, మీరు దగ్గర లేకుండా రెండిటినీ కలిపి వదలకండి.