చికాగోలో మొదటి చలికాలం: మధ్యాహ్నం లేవకండి

పోయిన డిసెంబరులో మా అపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి మూడు వారాలు గది దాటి రాలేదు. వాడికి నిద్రెక్కువని రూమ్మేట్లు నవ్వుకున్నారు. అది డిప్రెషన్. చివరికి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు. ఈ ఆగస్టులో ఇక్కడ చదువుకి దిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. కోట్లు, బూట్ల సంగతి మిగతా సీనియర్లు చెప్తారు.

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు. డిసెంబరులో సాయంత్రం 4:20కే సూర్యుడు దిగిపోతాడు. హైదరాబాద్‌లో అతి చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది, ఇక్కడ 9. ఒంటిగంటకి లేస్తే స్నానం చేసి, కుక్కర్ పెట్టి, పప్పు తాలింపు వేసేసరికి చీకటి.

మనవాళ్ళు ఆలస్యంగా లేవడానికి కారణం తెలిసిందే. ఇక్కడ రాత్రి పది అంటే అక్కడ మర్నాడు తొమ్మిదిన్నర. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వీడియో కాల్‌లోకి వస్తుంది, తర్వాత ఫ్రెండ్స్, తర్వాత రీల్స్, మూడవుతుంది. నేనూ ఒక సెమిస్టర్ అలాగే పోగొట్టుకున్నాను.

మెదడులోని గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువే తిరుగుతుంది. దాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే పొద్దుటి వెలుతురు. అది అందకపోతే నిద్ర పట్టే వేళ రోజురోజుకీ ఆలస్యమవుతుంది, మనసూ కుంగుతుంది. చలికాలంలో వచ్చే ఈ డిప్రెషన్‌ని 1984లో సైకియాట్రిస్ట్ నార్మన్ రోజెన్‌తాల్ బృందం వివరించింది. డిప్రెషన్ అంటే నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం అనుకుంటాం. ఇందులో చాలామందికి నిద్ర ఎక్కువవుతుంది, అన్నం, స్వీట్ల మీదకే మనసు పోతుంది. అందుకే పక్కవాళ్ళకి బద్ధకంలా కనిపిస్తుంది.

కాబట్టి మధ్యాహ్నం లేవకండి. ఎనిమిదికల్లా లేచి గంటలోపు బయటికి నడవండి. మబ్బు పట్టినా సరే, బయటి వెలుతురు ట్యూబులైటు గది కంటే చాలా రెట్లు ఎక్కువ.

శని, ఆదివారాలు కూడా అదే టైమ్. ఇంటికి కాల్ రాత్రి తొమ్మిదికి చేసి పదికి పెట్టేయండి. ఎండ బదులు వాడే 10,000 లక్స్ (వెలుతురు కొలత) లైట్ కొంటే పొద్దున అరగంట, సాయంత్రం వద్దు. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ బైపోలార్ (మనసు అతి హుషారుకీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) ఉంటే డాక్టర్ని అడగకుండా ఆ లైట్ ముట్టుకోవద్దు. మెలటోనిన్ (నిద్ర వేళని నడిపే హార్మోన్) మాత్ర షాపులో చాక్లెట్‌లా దొరుకుతుందని మింగకండి, వేళ తప్పితే గడియారం ఇంకా చెడుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న డిప్రెషన్ మాత్రలు సొంతంగా ఆపకండి. రెండు వారాలు దేనిమీదా మనసు నిలవకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. క్లాసులు తగ్గించుకోవాలంటే డాక్టర్ లెటర్‌తో ముందే డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విద్యార్థి వీసాలు చూసే అధికారి) అనుమతి తీసుకోండి, మానేశాక చెప్తే వీసా చిక్కు. మళ్ళీ చెప్తున్నా, మధ్యాహ్నం లేవకండి. చచ్చిపోవాలనిపిస్తే, ఎవరైనా అలా అన్నా, అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఏ వేళైనా ఎత్తుతారు. ఇండియాలో ఉన్నవాళ్ళకైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. రూమ్మేట్ రెండు రోజులు తలుపు తీయకపోతే నవ్వకండి, తట్టండి.